గృహస్థుని నెలసరి లెక్కలో కేబుల్ టెలివిజన్

(మయూర్ విహార్ తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



యమునకు తూర్పుగట్టున మయూర్ విహార్‌లో కాపురముండు తెలుగు కుటుంబములలో నేడొక చర్చ తరచుగ జరుగుచున్నది. నెలనెలయు కేబుల్‌వాలాకు చెల్లించు సొమ్ము ఇకమీదట చెల్లింపవలెనా, లేక ఆ తీగను తీసివేయించి, ఇంటర్నెట్ ద్వారా వచ్చు ప్రసారములతోనే సరిపెట్టుకొనవలెనా యన్నదే ఆ చర్చ. చూచుట కిది రెండు మూడు వందల రూపాయల వ్యవహారము. కాని నెలజీతముపై సాగు సంసారమున రెండు మూడు వందల రూపాయలు అల్పము కాదు. అంతకు మించి, సాయంకాలమున ఇంటిలో ఏ భాష వినబడవలెను, ఎవరు ఎవరితో కూర్చుండవలెను, వృద్ధులకు పగటి ప్రొద్దు ఎట్లు గడువవలెను అను ప్రశ్నలు ఈ చిన్న లెక్కలో ఇమిడియున్నవి. కావున దీనిని వ్యయ విషయముగనే గాక గృహజీవన విషయముగ గూడ పరిశీలించుట యుక్తము.

ముందుగ పూర్వకథ కొంత స్మరింపవలెను. భారతదేశమున టెలివిజన్ పుట్టినది ఈ ఢిల్లీ నగరముననే. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఆకాశవాణివారు ప్రయోగాత్మకముగ ప్రసారములు ప్రారంభించిరి. 1965లో దైనిక ప్రసారము మొదలైనది. 1972లో బొంబాయి కేంద్రము వెలసినది. తెలుగు పల్లెలకు ఈ వింత తొలిసారి చేరినది 1975-76 సంవత్సరములలో. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు విద్య, వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమములను చూపించిన 'సైట్' ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ గూడ పాల్గొన్నది. 1977లో హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది. 1982లో ఢిల్లీలో జరిగిన ఏషియాడ్ క్రీడల నాటికి దేశవ్యాప్త కార్యక్రమమును, రంగుల ప్రసారమును గూడ అందుబాటులోనికి వచ్చినవి.

ఆ రోజులలో ఢిల్లీ తెలుగువారికి దూరదర్శన్ తెరపై తెలుగు వినుట అరుదైన భాగ్యము. ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషా చిత్రములను వంతులవారీగ ప్రసారము చేయుచుండిరి. తెలుగు వంతు వచ్చిన ఆదివారము ఇంటింటను పండుగయే. టెలివిజన్ గల ఇంటికి లేని ఇంటివారు ముందుగనే వచ్చి చాపలు పరచుకొనుట, గృహిణి అందరికి కాఫీ కలిపి యిచ్చుట ఆ కాలపు మర్యాద. వస్తువు కొరతగ ఉన్నప్పుడు మనుష్యులు దగ్గరగ కూర్చుండిరి. ఇది మరువరాని విషయము. ఈ ప్రసంగపు తుదిభాగమున దీని ప్రయోజనము తేటపడును.

తరువాత కేబుల్ యుగము వచ్చినది. కేబుల్ టెలివిజన్ అమెరికాలో 1948 ప్రాంతమున, కొండల మాటున సంకేతములు అందని చిన్న ఊళ్లకొరకు పుట్టినది. ఎత్తైన చోట ఒక ఉమ్మడి ఏంటెన్నా నిలిపి, దానినుండి ఇంటింటికి తీగలు లాగిరి. భారతదేశమునకది 1991 గల్ఫు యుద్ధ కాలమున, విదేశీ ఉపగ్రహ ప్రసారములతో కలిసి ప్రబలముగ వచ్చినది. ఒక డిష్, కొన్ని యంత్రములు, చుట్టల కొలది తీగ యున్న యువకుడు వీధికొక వ్యాపారి యయ్యెను. బాల్కనీనుండి బాల్కనీకి, స్తంభమునుండి చెట్టుకొమ్మకు తీగలు ప్రాకినవి. 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టము ఏర్పడు నాటికి ఆ వ్యాపారము దేశమంతటను వ్రేళ్లూనియున్నది.

అదే 1995వ సంవత్సరమున జెమినీ టీవీ, ఆగస్టు 27వ తేదీన ఈటీవీ ప్రారంభమైనవి. ఐతే ఆనాటి అనలాగ్ తీగలో చోటు పరిమితము. ఏ భాషకు చోటు దొరకునన్నది ఆ వీధిలో ఆ భాషవారి సంఖ్యపైనను, వారి పట్టుదలపైనను ఆధారపడియుండెను. మయూర్ విహార్ ఒక్క భాషవారి పేట కాదు. ఉత్తర గురువాయూరప్ప దేవాలయము చుట్టు మలయాళీలు, వారి ప్రక్కనే తమిళులు, తెలుగువారు, బెంగాలీలు, ఉత్తరాదివారు ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఇండ్లలోను, సహకార గృహనిర్మాణ సంఘముల మేడలలోను కలిసి నివసింతురు. ఇట్టి చోట ఒక తెలుగు చానలు కావలెనన్న పదిమంది కలిసి అడుగవలెను. కేబుల్ తీగ ఆ విధముగ తెలియకయే తెలుగు కుటుంబములను ఒకరి నొకరికి పరిచయము చేసినది.

2012 అక్టోబరు 31వ తేదీతో ఢిల్లీ మొదలగు నాలుగు మహానగరములలో అనలాగ్ ప్రసారమునకు గడువు ముగిసినది. సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి యైనది. తీగలో చోటు విస్తరించి, వందలకొలది చానళ్లు ప్రవేశించినవి. దానితోపాటు బిల్లు గూడ విస్తరించినది. చూడని చానళ్లకు సైతము సొమ్ము చెల్లించుచున్నామను ఫిర్యాదు దేశమంతట వినవచ్చినది. అందులకు సమాధానముగ టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ 2017లో కొత్త ధరల ఉత్తర్వును వెలువరించగా, అది 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని సారాంశ మిది: నూరు సాధారణ చానళ్లను మోసికొని వచ్చినందులకు రుసుము నెలకు 130 రూపాయలకు మించరాదు, ధర గల చానలును సమూహమున చేర్చవలెనన్న దాని విడి ధర 19 రూపాయలకు మించరాదు, వినియోగదారుడు తనకు కావలసిన చానళ్లను విడివిడిగ ఎన్నుకొనవచ్చును.

ఈ నియమము ప్రకారము ఒక తెలుగు కుటుంబపు కనీస బిల్లు లెక్కింపవచ్చును. స్టార్ మా, జెమినీ, ఈటీవీ, జీ తెలుగు అను నాలుగు చానళ్లకు ఒక్కొక్కదానికి గరిష్ఠముగ 19 రూపాయలు వేసికొన్నను 76 రూపాయలు. మోసినందులకు 130. మొత్తము 206. దానిపై నూటికి 18 వంతున వస్తుసేవల పన్ను 37 రూపాయల 8 పైసలు. వెరసి 243 రూపాయల 8 పైసలు. ఇది 2019 నాటి కనీసపు లెక్క. ఆటల చానళ్లు, పిల్లల చానళ్లు, హిందీ ధారావాహికల చానళ్లు చేర్చినకొలది బిల్లు పెరుగును. పైగా 2024 జూలైలో ట్రాయ్ ఆ మోత రుసుముపై గల గరిష్ఠ పరిమితిని తొలగించి, ధరను విపణికి వదలినది. కావున నేటి బిల్లు ఇంటింటికి వేరు వేరుగ ఉండుటలో ఆశ్చర్యము లేదు.

ఇక రెండవ పక్షము. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో ప్రవేశించిన పిమ్మట ఇంటర్నెట్ ధరలు పడిపోయినవి. 2015లో హాట్‌స్టార్, 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, అదే సంవత్సరము డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో భారతీయ ప్రేక్షకుల ముందునకు వచ్చినవి. వీనినే జనులు ఓటీటీ యని పిలుచుచున్నారు. తెలుగునకు మాత్రమే అంకితమై అల్లు అరవింద్ గారు ప్రముఖ భాగస్వామిగ నెలకొల్పిన 'ఆహా' 2020 మార్చి 25వ తేదీన, ఉగాది నాడు, లాంఛనముగ ప్రారంభమైనది. ఆ దినముననే దేశమంతట లాక్‌డౌన్ మొదలగుట కాలవైచిత్ర్యము. సినిమాహాళ్లు మూతపడిన ఆ సంవత్సరము సెప్టెంబరులో నాని నటించిన 'వి' చిత్రము సినిమాహాలు చూడకయే నేరుగ ఇండ్లకు వచ్చినది. ఆఫీసు పనికిని, పిల్లల పాఠములకును బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకొన్న గృహస్థునికి అప్పుడొక సందేహము పుట్టినది: ఇంటికి ఒక తీగ ఎటులను వచ్చియున్నదికదా, రెండవ తీగ ఏల?

ఈ సందేహము తెలుగువారికి ఢిల్లీలో పుట్టక పూర్వమే అమెరికాలో పుట్టినది. అచటి తెలుగు కుటుంబములకు స్వదేశపు చానళ్లు చూచుట కష్టముగ నున్న కాలమున, ఉదయ్ రెడ్డి గారు స్థాపించిన యప్ టీవీ ఇంటర్నెట్ ద్వారా తెలుగు చానళ్లను అందించి ప్రఖ్యాతి పొందినది. అట్లాంటాలోని ఇల్లాలు తెలుగు చానలు చూచినది తీగపై కాదు, ఇంటర్నెట్ పైననే. అమెరికా ప్రజలు సామాన్యముగ ఈ మార్పును ఎంత దూరము తీసికొనిపోయి రనగా, 2022 జూలైలో అచటి టెలివిజన్ వీక్షణమున ఇంటర్నెట్ ప్రసారముల వాటా తొలిసారి కేబుల్ వాటాను మించినదని నీల్సన్ సంస్థ ప్రకటించినది. 2025 మే నెలలో అది కేబుల్, సాధారణ ప్రసారములు రెండింటి మొత్తమును గూడ మించినది. భారతదేశమున మార్పు నెమ్మదిగ నున్నను, దిశ అదియే. డిష్ ద్వారా చందా చెల్లించి చూచువారు 2021లో ఏడు కోట్లకు చేరువలో నుండగా, 2025 నాటికి ఆరు కోట్లకు దిగువకు వచ్చిరి.

మరి, క్రొత్త త్రోవ నిజముగ చౌకయేనా? ఈ ప్రశ్నకు తొందరపడి ఔనని చెప్పుట తగదు. లెక్క చూడవలెను. ఆహా తన ప్రారంభకాలమున సంవత్సరమునకు 365 రూపాయలు, అనగా దినమునకొక రూపాయి తీసికొన్నది. అది నెలకు ముప్పది. అమెజాన్ ప్రైమ్ 2021 డిసెంబరునుండి సంవత్సరమునకు 1,499 రూపాయలు. నెలకు సుమారు 125. నెట్‌ఫ్లిక్స్‌లో టెలివిజన్ తెరపై చూడదగిన తక్కువ తరగతి అదే నెలనుండి 199. ఈ మూడును కలిపిన 354 రూపాయలు. అనగా ఆ ధరలతోనే చూచినను, ఇందాక లెక్కించిన 243 రూపాయల కేబుల్ బిల్లును ఇది మించినది. ఇంకను బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు చేర్చలేదు. 2020లో జియో ఫైబర్ ప్రకటించిన 399 రూపాయల కనీసపు పథకమునకు పన్ను కలిపిన 470 రూపాయల 82 పైసలగును. దానిని గూడ టెలివిజన్ ఖాతాలో వ్రాసినచో చౌక యన్నమాట వట్టిది.

కనుక లెక్కలోని కీలకమంతయు ఒక్కచోట నున్నది. బ్రాడ్‌బ్యాండ్ ఎవరి ఖాతాలోనిది? పిల్లల చదువుకొరకు, ఆఫీసు పనికొరకు అది ఎటులను ఇంటిలో ఉన్నచో, టెలివిజన్ ఖాతాలో దానిని వ్రాయ నక్కరలేదు. అట్టి ఇంటివారు కేబుల్ మానివేసి, ఒకటి రెండు చందాలతో తృప్తిపడినచో నిశ్చయముగ మిగులు కనబడును. అట్లుగాక, కేబుల్ మానుటకొరకే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకొని, కనబడిన ప్రతి చందాయు కట్టినచో, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును.

తెలుగు ప్రేక్షకునికి మరియొక చిక్కు కలదు. కేబుల్‌లో నాలుగు తెలుగు చానళ్లు ఒకే రిమోట్‌కు వరుసగ లభించును. ఇంటర్నెట్‌లోనో, స్టార్ మా కార్యక్రమములకు జియోహాట్‌స్టార్, జీ తెలుగునకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగు తలుపులు, నాలుగు తాళములు. ప్రతి తలుపునకు ఒక చందా, ఒక పాస్‌వర్డ్, ఒక గడువు తేదీ. తీగ నుండి విముక్తి పొందిన గృహస్థుడు తాళపుచెవుల గుత్తి మోయవలసి వచ్చుచున్నది.

ధరల స్థిరత్వమును గూడ గమనింపవలెను. అమెజాన్ ప్రైమ్ 2016లో సంవత్సరమునకు 499 రూపాయలతో ఆరంభించి, తరువాత 999కి, పిమ్మట 1,499కి పెరిగినది. అట్లని అన్నియు పెరుగునే కాని తగ్గవనరాదు. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన ధరలను భారతదేశమున తగ్గించినది. ఐతే 2023 జూలైలో అదే సంస్థ, ఒక ఇంటి పాస్‌వర్డ్‌ను వేరొక ఇంటివారు వాడుటను ఇచట నిలిపివేసినది. హైదరాబాదులోని కుమారుని ఖాతాతో ఢిల్లీలోని తల్లిదండ్రులు చూచు సదుపాయము అంతటితో తీరినది. 2023లో ఐపీఎల్ క్రికెట్ పోటీలను జియోసినిమా ఉచితముగ చూపి జనులను ఆకర్షించినది; 2025 ఫిబ్రవరి 14వ తేదీన అది హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్ యైనది. 2025 జూన్ 17వ తేదీనుండి ప్రైమ్ వీడియో తన చందాదారులకు గూడ ప్రకటనలు చూపసాగినది. అవి వలదన్నవారికి ఆనాడు నిర్ణయించిన అదనపు చందా సంవత్సరమునకు 699 రూపాయలు. ప్రకటనల బాధ తప్పునని కేబుల్ మానినవారిని ప్రకటనలే వెదకికొని వచ్చినవి. ఏ వ్యాపారియు ఎల్లకాలము నష్టమునకు అమ్మడు. ప్రారంభపు ధర ఆహ్వానపత్రిక వంటిది. దానిని చూచి విందు భోజనపు వెల నిర్ణయింపరాదు.

సాంకేతిక విషయములు కొన్ని తెలిసికొనుట మంచిది. స్పష్టమైన హెచ్.డి. చిత్రమునకు గంటకు సుమారు 3 జీబీ ఖర్చగును. దినమునకు మూడు గంటల చొప్పున నెలకు 270 జీబీ. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఇది భారము కాదు. కాని దినమునకు జీబీన్నర లేక రెండు జీబీల మొబైల్ రీఛార్జిపై ఆధారపడి టెలివిజన్ చూడదలచినవారికి అర్ధగంటకో, ముప్పావుగంటకో ఆ దినపు వాటా తీరిపోవును. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌పై టెలివిజన్ వెలుగుచున్నను, రౌటర్‌కు గూడ ఇన్వర్టర్ తీగ ఇయ్యనిచో తెర నల్లబడును. ప్రత్యక్ష ప్రసారములు ఇంటర్నెట్‌లో కొన్ని క్షణములు ఆలస్యముగ వచ్చును. క్రికెట్ చూచునప్పుడు కేబుల్ గల పొరుగింటి కేరింత ముందుగ వినబడి, ఇచట సిక్సరు వెనుకగ కనబడును. ఇక డిష్ పెట్టుకొందమన్న, భూమధ్యరేఖపై నిలిచియుండు ఉపగ్రహములు ఢిల్లీనుండి చూచినచో దక్షిణపు ఆకాశముననే ఉండును. ఉత్తరపు బాల్కనీ మాత్రమే గల ఫ్లాటువారు మేడపైకి పోవలెను. దానికి సొసైటీ అనుమతి కావలెను. వానకాలమున దట్టమైన మబ్బులకు డిష్ సంకేతము సన్నగిల్లును. లోపము లేని సాధనము లేదు.

ఇంతవరకు సొమ్ము సంగతి, యంత్రముల సంగతి. ఇక మనుష్యుల సంగతి. ఒక ఇల్లు ఊహింపుడు. భార్యాభర్త లిరువురును ఉద్యోగులు. ఉదయము తొమ్మిది గంటలకు మెట్రోలో నది దాటి ఆఫీసులకు పోవుదురు. పిల్లలు బడికి పోవుదురు. ఇంటిలో మిగులునది గోదావరి తీరమునుండియో, రాయలసీమనుండియో కుమారుని వెంట వచ్చిన తల్లి. ఆమెకు హిందీ రాదు. ఇరుగు పొరుగులతో చిరునవ్వే సంభాషణ. సాయంకాలము ఆరువరకు ఆ యింటిలో తెలుగు పలుకు వస్తువు ఒక్క టెలివిజన్ మాత్రమే. ఉదయమున తిరుమల తిరుపతి దేవస్థానములవారు 2008లో ప్రారంభించిన శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్‌లో స్వామివారి సేవ, మధ్యాహ్నమున ఒక ధారావాహిక, ప్రొద్దు వాలినపిమ్మట వార్తలు. ఆమెకది వినోదము కాదు, తోడు.

అట్టి తల్లికి ఇదివరలో రెండు మీటలు తెలియును. ఒకటి వెలిగించునది, మరియొకటి చానలు మార్చునది. కేబుల్ తీసివేసిన మరునాడు ఆమె ఎదుట ఆంగ్లాక్షరములలో పది పెట్టెల వరుస ప్రత్యక్షమగును. ఎవరు చూచుచున్నారని తెర ప్రశ్నించును. పాస్‌వర్డ్ అడుగును. క్రొత్త కూర్పు దించుకొమ్మనును. ఆమె రిమోట్ ప్రక్కన బెట్టి ఊరకుండును. సాయంకాలము కుమారుడు వచ్చి 'ఏమమ్మా, టీవీ చూడలేదా?' యని యడుగగా, 'నాకేం తోచలేదురా, కళ్లు నొప్పిగా ఉంటే పడుకున్నాను' అని చెప్పును. తనకు చేతకాలేదని కొడుకుతో చెప్పుకొనుట తల్లికి కష్టము. ఆ మాట వెనుకనున్న మాట గ్రహించుట కొడుకుకు కర్తవ్యము. నెలకు నూరు రూపాయలు మిగిలిన ఆ ఇంటిలో పగటి తొమ్మిది గంటలు మూగపోయినవి. ఈ నష్టము ఏ బిల్లులోను కనబడదు.

దీనికి ఉపాయము లేకపోలేదు. భక్తి చానల్ మొదలగునవి ఇంటర్నెట్‌లో గూడ ఉచితముగ లభించుచున్నవి. ప్రసార భారతి 2024 నవంబరు 20వ తేదీన 'వేవ్స్' అను తన ఇంటర్నెట్ వేదికను ప్రారంభించినది. దూరదర్శన్, ఆకాశవాణుల కార్యక్రమములు అందు లభించును. నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరునుండి కలదు. ఒక్కసారి పెట్టుబడితో దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లు వచ్చును. మాటతో చానలు మార్చగల రిమోట్లు గూడ వచ్చియున్నవి. కాని ఏ సాధనమైనను ఒకరు ప్రక్కన కూర్చుండి, ఒకటికి పదిసార్లు, విసుగు లేక నేర్పినప్పుడే వృద్ధులకు వశమగును. ఆ పని మనుమలకు అప్పగించుట ఉత్తమము. నాయనమ్మకు రిమోట్ నేర్పు మనుమడు ఆమెవద్ద తెలుగు నేర్చుకొనును. ఇట్టి మారకము ఏ చందాలోను దొరకదు.

పిల్లల విషయము కొంత సున్నితమైనది. కేబుల్ కార్యక్రమములకు 1995 చట్టము క్రింద ఒక కార్యక్రమ నియమావళి కలదు. ఇంటర్నెట్ ప్రసారములకు 2021 ఫిబ్రవరి 25వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము వయస్సునుబట్టి తరగతులు ఏర్పడినవి: అందరును చూడదగినవి, ఏడు, పదమూడు, పదునారు సంవత్సరములు నిండినవారు చూడదగినవి, పెద్దలకు మాత్రమే తగినవి. పదమూడేండ్ల తరగతికిని అంతకు పై తరగతులకును తల్లిదండ్రులు తాళము వేసికొను ఏర్పాటు ఉండవలెనని ఆ నిబంధన. తాళము కలదు గాని, దానిని వేయువారే తక్కువ. ఖాతా తెరచిన దినముననే ఆ తాళము వేయుట గృహస్థుని బాధ్యత.

భాష మాట వేరు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డలకు బడిలో ఆంగ్లము, ఆటస్థలమున హిందీ, ఇంటిలో మాత్రమే తెలుగు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పూనికతో 1948లో వెలసిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వంటి సంస్థలు ఇచట తెలుగు దీపమును నిలిపినవి. కాని ప్రతి బిడ్డయు ఆ పాఠశాలలకు పోజాలడు. ఉమ్మడి గదిలోని ఒక్క టెలివిజన్‌లో పెద్దలు తెలుగు చానలు పెట్టినప్పుడు, బిడ్డలు సగము చెవితోనైనను ఆ భాషను వినుచుండిరి. నేడు ఒక్కొక్కరి చేత ఒక్కొక్క తెర. తండ్రి మలయాళ చిత్రమును ఆంగ్లాక్షరముల సాయముతో, కుమార్తె కొరియా ధారావాహికను, కుమారుడు ఆటలను, తల్లి తెలుగును, నాలుగు గదులలో నాలుగు భాషలలో చూచుచున్నారు. లోకజ్ఞానము పెరిగినది, సందేహము లేదు. కాని ఇంటిలోని తెలుగు చెవిసోకు గడియలు తరిగినవి. వెనుకటి ఆదివారపు చాప గుర్తు చేయుటకు కారణ మిదియే. కొరత కాలము మరల రావలెనని ఎవరును కోరరు. కాని ఆనాడు కొరత చేసిన పనిని ఈనాడు సంకల్పము చేయవలెను.

కేబుల్‌వాలాను గూడ ఒక మాట తలచుట న్యాయము. ముప్పది సంవత్సరములుగ వానలో స్తంభమెక్కి తీగ సరిచేసినవాడు, పండుగనాడు పిలిచినను వచ్చినవాడు, నెల దాటినను బాకీకి ఓర్చుకొన్నవాడు అతడు. ఒక్కొక్క ఇల్లు తీగ తీయించుకొనుచుండగా అతని జీవనము సన్నగిలుచున్నది. వారిలో కొందరు కాలమును గుర్తించి, అదే త్రోవన ఫైబర్ తీగ లాగి బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చుచున్నారు. సేవ, వేగము, ధర సమానముగ నున్నచో, ఎరిగిన ముఖమునకు ప్రాధాన్య మిచ్చుట తప్పు కాదు. పెద్ద కంపెనీకి ఫోను చేసిన యంత్రము పలుకును. ఇతడు పిలిచిన ఇంటికి వచ్చును.

ఇక ఆచరణకు పనికివచ్చు సూచనలు కొన్ని. మొదటిది, ఒక నెల దినములు ఇంటిలో ఎవరు ఏది చూచుచున్నారో ఒక కాగితముపై వ్రాయవలెను. వందల చానళ్లలో నిజముగ చూచునవి ఎన్నియో అప్పుడు తెలియును. అవి కొద్దియే యైనచో, కేబుల్ తీయకయే ప్యాకేజి తగ్గించుకొన్నను చాలును. రెండవది, బ్రాడ్‌బ్యాండ్‌ను ఒక వానకాలపు నెల పరీక్షించిన తరువాతనే పాత తీగను తీయింపవలెను. మూడవది, చందాలన్నియు ఒక్కసారి కట్టక, ఒక నెల ఒకటి, మరునెల మరియొకటిగ వంతులు వేసికొనవలెను. చూడదలచిన చిత్రము ఎచటికిని పారిపోదు. నాలుగవది, చందా సొమ్ము తనంత తాను బ్యాంకు ఖాతానుండి పోవు ఏర్పాటును కనిపెట్టియుండవలెను. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారము 2021 అక్టోబరు 1వ తేదీనుండి సొమ్ము తీయుటకు 24 గంటల ముందు ఖాతాదారునికి తెలియజేయవలెను. ఆ సందేశమును చదువకయే త్రోసివేయువారే నష్టపోవుచున్నారు. ఐదవది, కేబుల్ మానునప్పుడు సెట్‌టాప్ బాక్స్ అద్దెదియో, కొన్నదియో చూచుకొని, అద్దెదైనచో తిరిగి ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. ఆరవది, అన్నింటికంటె ముఖ్యమైనది: తీగ తీయించుటకు ముందు ఇంటిలోని పెద్దవారి నడుగవలెను. సమ్మతి యడుగుట మాత్రము చాలదు, క్రొత్త రిమోట్‌తో వారు ఒక వారము ఎవరి సాయము లేక చూడగలిగిరా యని పరీక్షింపవలెను.

సారాంశముగ చెప్పవలెనన్న, బ్రాడ్‌బ్యాండ్ ముందే కలిగి, చూచువారందరును అలవాటుపడినవారైన ఇంటిలో కేబుల్ మానుట వివేకమే. పగలంతయు ఒంటరిగ నుండు వృద్ధులు గల ఇంటిలో, వారు క్రొత్తదానికి అలవడువరకు, నాలుగు తెలుగు చానళ్ల కనీసపు ప్యాకేజి నిలుపుట ధర్మము. అది ఖర్చు కాదు, పెద్దల సేవలో ఒక భాగము. ఏ త్రోవ నెన్నుకొన్నను, వారమున కొక్క సాయంకాలమైనను అన్ని చిన్న తెరలు కట్టివేసి, ఒక్క పెద్దతెర ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఒక తెలుగు చిత్రము చూచుట, చూచినదానిని గూర్చి తెలుగులో ముచ్చటించుట నియమముగ పెట్టుకొనవలెను. తీగలు మారును, పెట్టెలు మారును, సంస్థల పేర్లు ఏటేట మారును. యమునా తీరమున పెరుగు తెలుగు బిడ్డ నోట అమ్మమాట నిలుచునా, పోవునా యన్నది మాత్రము సంస్థలు నిర్ణయించునది కాదు. ప్రతి ఇంటి ముందుగది నిర్ణయించునది. ఆ గదిలో దీపము వెలుగుచుండుగాక! స్వస్తి.